పింఛను లేనివాళ్లు పెట్టిన సంఘం ఇది
మన మాజీ సైనికుల సంఘం కార్యవర్గానికి, సభ్యులకు బహిరంగ లేఖ

అధ్యక్షులు సుబేదార్ సాబ్ గారికి, కార్యదర్శి గారికి, కార్యవర్గానికి. గిద్దలూరు, కొమరోలు, రాచర్ల, బేస్తవారిపేట, కంభం, అర్ధవీడు మండలాల మాజీ సైనిక సోదరులకు, మన అమ్మలకు, అక్కచెల్లెళ్లకు జైహింద్.

వచ్చే జనరల్ బాడీ అజెండా అందరిలాగే నాకూ వాట్సాప్‌లో వచ్చింది. నాలుగో అంశం బైలా, అంటే సంఘం నిబంధనల సవరణ. ఇకమీదట పీపీఓ (పింఛను ఉత్తర్వు) నంబరు ఉన్న, అంటే పింఛను వచ్చే మాజీ సైనికులకే ఓటు. భర్త పోయిన ఆడవాళ్లు గౌరవ సభ్యులట, అంటే వచ్చి కూర్చోవచ్చు, టీ తాగొచ్చు, చెయ్యి మాత్రం ఎత్తకూడదు. సర్వీసు నిండకుండా, పింఛను లేకుండా బయటికొచ్చినవాళ్ల ఊసే లేదు. నాలుగేళ్లకే ఫౌజులోకి తీసుకునే అగ్నివీరుల పేరు ఎదురుగా మాత్రం శ్రద్ధగా 'వర్తించదు' అని రాశారు. దాని కిందే అయిదో అంశం: మన సంఘం చరిత్రతో సావనీరు, అంటే జ్ఞాపక సంచిక, వేయడం. ఆ చరిత్రను ఉన్నదున్నట్టు రాస్తే పైనున్న నాలుగో అంశాన్ని మీ చేతులతో మీరే కొట్టేసుకోవాల్సి వస్తుంది.

ఈ సంగతి కమిటీలోనే చెప్పొచ్చు కదా అంటారేమో. చెప్పాను. "చూద్దాంలే సాబ్" అన్నారు. ఫౌజులో క్లర్కుగా చేసి హవల్దారుగా రిటైరైనవాణ్ణి, ఏ ఫైలు ఎప్పుడు పక్కన పడుతుందో నాకు తెలుసు. అందుకే అందరూ చదివేలా రాస్తున్నాను.

సావనీరు కోసం పోగేస్తున్న ఫొటోలు చూశాను. అన్నీ హాలు కట్టాక తీసినవే. జెండా ఎగరేస్తున్నవి, పెద్దలకు శాలువాలు కప్పుతున్నవి, వినతిపత్రం ఇస్తూ కెమెరా వైపు చూస్తున్నవి. అంతకుముందు కాలానికి ఫొటోలు లేవు, ఎవరి దగ్గర కెమెరా ఉంది కనక. ఉన్నవల్లా రిజిస్టర్లు. నేను కార్యదర్శిగా ఉన్నప్పుడు వాటికి కొత్త అట్టలు వేయించి నల్ల ట్రంకులో పెట్టించాను. మీలో ఎందరు ఆ ట్రంకు తెరిచారో నాకు తెలియదు గానీ, మొదటి రిజిస్టరు మొదటి పేజీలో ఏముందో ఇక్కడ చెప్తాను.

అది చేత్తో గీతలు కొట్టిన పేజీ. పేరు, ఊరు, పలటన్ (ఫౌజులో ఏ యూనిట్టో), సర్వీసు, ప్రస్తుత వృత్తి, పింఛను, సంతకం అని గళ్లు. సంతకాలు కొన్ని తెలుగులో, కొన్ని వంకరటింకర ఇంగ్లీషు అక్షరాల్లో ఉన్నాయి. బ్రిటిష్ వాళ్ల ఫౌజులో రోమన్ ఉర్దూ నేర్పేవాళ్లు, ఆ చదువు అది. వృత్తి గడిలో కూలి, రైల్వే గ్యాంగ్‌మన్, వాచ్‌మన్, పలకల క్వారీ అని ఉంటుంది. పింఛను గడిలో మొదటి పేరు ఎదురుగా 'లేదు' అని రాసి, దాని కింద పేజీ చివరిదాకా డిట్టో గుర్తులు కొట్టుకుంటూ పోయారు.

వాళ్లంతా రెండో ప్రపంచ యుద్ధానికి పోయినవాళ్లు. ఆ యుద్ధం ముగిసేనాటికి భారత సైన్యం 25 లక్షలు దాటింది. అందరూ స్వచ్ఛందంగా చేరినవాళ్లే అని చరిత్ర పుస్తకాలు గొప్పగా రాస్తాయి. కంభం చెరువు నీళ్లు పారే పొలం ఉన్నవాడు ఆ రోజుల్లో ఫౌజుకు పోయినట్టు మా తాతలు చెప్పగా వినలేదు. చెరువు నీళ్లు అందని మెట్ట వాడే పోయాడు. అది ఎంతవరకు స్వచ్ఛందమో మీరే లెక్కేసుకోండి. మద్రాస్ రెజిమెంటులో, మద్రాస్ సాపర్ల ఇంజనీరు దళంలో చేరినవాళ్లు కొందరు, ఆర్మీ సర్వీస్ కోర్‌లో లారీలు తోలినవాళ్లు కొందరు. పయనీర్ కంపెనీల్లో చేరినవాళ్లు తుపాకీ కన్నా పారే ఎక్కువ పట్టారు, అస్సాం నుంచి బర్మా వైపు దారులు వేశారు. 1945లో యుద్ధం ముగిసింది. ఇంతమంది అక్కర్లేదన్నారు. చేతికి డిశ్చార్జి పుస్తకం, రైలు వారంటు, కొద్దిపాటి డబ్బు ఇచ్చి ఇళ్లకు పంపేశారు. పింఛను రావాలంటే పదిహేనేళ్లు నిండాలి. వీళ్లు చేసింది నాలుగేళ్లు, అయిదేళ్లు. క్యారెక్టర్ గడిలో 'వెరీ గుడ్' అని రాసిన ఆ పుస్తకాన్ని బియ్యం డబ్బాలో దాచుకుని పలకల క్వారీలో కూలికి పోయిన మనిషి మన సంఘం మొదటి కోశాధికారి.

సంఘం పెట్టడానికి కారణం కూడా చాలా మామూలుది. మన తాలూకాలు 1970 దాకా కర్నూలు జిల్లాలో ఉండేవి. ఆ ఏడు ఫిబ్రవరి 2న ఒంగోలు జిల్లా ఏర్పడింది, రెండేళ్లకు దానికి ప్రకాశం పేరు పెట్టారు. కాగితాలు కర్నూల్లో, కలెక్టరు ఒంగోల్లో. బంజరు పట్టా కోసం అర్జీ పెట్టుకున్నవాడు అటు పోతే ఇటు పొమ్మన్నారు, ఇటు వస్తే అటు పొమ్మన్నారు. ఒక్కడు బస్సు చార్జీలు పెట్టుకుని తిరిగే బదులు తలా కాస్త వేసుకుని అందరి కాగితాలూ ఒకరి చేత పంపిద్దామని మొదలైంది. మొదటి తీర్మానం అదే. అందులో దేశభక్తి గురించి ఒక్క మాట లేదు, బస్సు చార్జీల గురించి ఉంది. నాకు ఆ తీర్మానమంటే చాలా ఇష్టం. సావనీరులో ఒక్క పేజీనే పాత సంగతులకు ఇస్తానంటే ఆ తీర్మానాన్నే అచ్చేయండి.

భూమి విషయం ఇప్పటి కుర్రాళ్లకు తెలియదు కాబట్టి కొంచెం చెప్పాలి. ప్రభుత్వం మాజీ సైనికులకు బంజరు ఇచ్చేది, మెట్ట అయితే అయిదెకరాలు, మాగాణి అయితే రెండున్నర. పింఛను లేనివాడికి ఆ మెట్టే పింఛను. 1993లో వచ్చిన 1117 జీవో ప్రకారం పట్టా పుచ్చుకుని పదేళ్లు దాటితే మాజీ సైనికుడు దాన్ని అమ్ముకోవచ్చు. ఆ జీవో కాపీని మనవాళ్లు మడతలు చిరిగిపోయేదాకా జేబులో పెట్టుకుని తిరిగారు. తర్వాత ఆ సర్వే నంబర్లే నిషేధిత జాబితాలోకి, అదే 22-ఏ లోకి ఎక్కి, కూతురి పెళ్లికి ఎకరం అమ్ముకుందామంటే రిజిస్ట్రేషను కాక ఎందరు ఏడ్చారో మన అర్జీల పుస్తకంలో ఉంది. అది వేరే లేఖ అవుతుంది, ఇక్కడ ఆపుతాను.

1962 చైనా యుద్ధం తర్వాత ఫౌజులోకి తీసుకోవడం పెరిగింది. 65, 71 యుద్ధాలు చేసి వచ్చినవాళ్లతో మన సభ్యుల లెక్క మారింది. అప్పుడు కలర్ సర్వీసు (ఫౌజులో ఉన్న కాలం), రిజర్వు సర్వీసు (ఇంటికొచ్చినా పిలిస్తే పోవాల్సిన కాలం) కలిపి పదిహేనేళ్లు నిండినవాళ్లకు రిజర్విస్టు పింఛను ఉండేది. నిండనివాళ్లకు మళ్లీ అదే డిట్టో. పింఛను ఉన్నవాళ్లు, లేనివాళ్లు ఒకే బల్ల దగ్గర కూర్చున్నారు. పింఛను తెచ్చుకున్న రోజు ఉన్నవాడు టీ పోయించేవాడు. ఎవరికెంత ఓటు అన్న మాటే రాలేదు.

ఇక మన బుధవారం బల్ల. సంఘానికి హాలు లేనప్పుడు కూడా ఆ బల్ల ఉంది. బస్టాండు పక్క టీ బంకు వెనక, తర్వాత ఒక రిటైర్డు సాబ్ గారి వసారాలో. బుధవారం ఎవరొచ్చినా కాగితం రాసి పెట్టడం, అంతే దాని పని. సైనికుల సర్వీసు కాగితాలుండే రికార్డ్ ఆఫీసులు ఎక్కడెక్కడో ఉంటాయి. ఆర్టిలరీ వాళ్లకు నాసిక్, సిగ్నల్స్ వాళ్లకు జబల్పూర్, మద్రాస్ రెజిమెంటుకు వెల్లింగ్టన్, బండ్లు, యంత్రాలు బాగుచేసే ఈఎంఈ వాళ్లకు సికింద్రాబాద్. కొమరోలు దగ్గర పల్లెలో ఉన్న అమ్మకు జబల్పూర్‌కు ఇంగ్లీషులో ఉత్తరం రాయాలంటే ఎవరున్నారు? మనమే.

ఒక్క కేసు చెప్తాను, పేర్లు వద్దు. భర్త పోయాడు, ఫ్యామిలీ పింఛను రాలేదు. చూస్తే ఫౌజులో పెళ్లి, పిల్లల వివరాలు ఎక్కించే పార్ట్ టూ ఆర్డరులో పెళ్లే పడలేదు. నామినీ కాగితంలో ఆయన ఇంట్లో పిలిచే పేరు రాయించాడు, ఆధారులో ఇంకో పేరు. ఆయన బతికుంటే ఒక్క దరఖాస్తుతో పోయే పని. ఆమె తెచ్చిన చేతిసంచిలో ఏముందంటే, ఆయన సియాచిన్ నుంచి రాసిన ఇన్‌లాండ్ లెటర్లు, పిల్లల టీసీలు, తాళిబొట్టు తాకట్టు పెట్టిన రసీదు. "నేను ఆయన పెండ్లాన్నేనని ఊరంతా తెలుసు నాయనా, ఆడ మాత్రం ఎవురికీ తెలీదంట" అంది. ఆమె పని చేసి పెట్టింది నేను కాదు, అప్పటి కార్యదర్శీ కాదు. శ్రీలంకకు పోయిన శాంతి సేనలో భర్తను పోగొట్టుకుని, అదే దారిలో ముందు నడిచిన రాచర్ల వైపు అమ్మ చేసింది. ఏది ముందు తేవాలి, తహసీల్దారు సర్టిఫికెట్టులో రెండు పేర్లూ ఒకే మనిషివని ఏ వరసలో రాయించాలి, నోటరీ ఎక్కడ, జిల్లా సైనిక సంక్షేమ కార్యాలయంలో ఏ సీటు దగ్గర నిలబడాలి, అన్నీ ఆమెకు నోటికి వచ్చు. కొన్నేళ్ల పాటు బుధవారం బల్ల నిజానికి నడిపింది ఆమే. పేరు రాసుకున్నది మనం. ఇప్పుడు ఆమె వస్తే గౌరవ సభ్యురాలు అని కుర్చీ వేసి, ఓటు దగ్గర బయట నిలబెడతామా?

శాంతి సేన అన్నాను కాబట్టి ఒక మాట. 1987 నుంచి 90 దాకా మనవాళ్లు శ్రీలంకలో ఉన్నారు, వెయ్యి మందికి పైగా అక్కడే పోయారు. ఆ ఇళ్లకు అప్పుడు వచ్చింది ఒక టెలిగ్రాం. 1999లో కార్గిల్ టీవీలో వచ్చింది, ఆ తర్వాత దండలూ, పెట్రోలు బంకులూ, వీధులకు పేర్లూ వచ్చాయి. కార్గిల్ కుటుంబాలకు ఇచ్చింది సరైనదే, ఎవరూ కాదనరు. అంతకుముందు పోయినవాళ్ల ఇళ్లకు ఎవరూ రాలేదు గనక ఆ అమ్మలు మన బల్ల దగ్గరికొచ్చారు.

మరి మనం ఎప్పుడు మారిపోయాం? ఎవరో కుట్ర చేశారని నేననుకోను. 2003 ఏప్రిల్‌లో మాజీ సైనికుల వైద్య పథకం ఈసీహెచ్‌ఎస్ వచ్చింది, కార్డుల పని పడింది. అది పింఛనుదార్ల పని. 2015లో వన్ ర్యాంక్ వన్ పెన్షన్ కోసం, అంటే ఎప్పుడు రిటైరైనా ఒకే ర్యాంకుకు, ఒకే సర్వీసుకు ఒకే పింఛను కోసం, ఢిల్లీ జంతర్ మంతర్ దగ్గర ధర్నా నడిచింది, మనవాళ్లూ కొందరు పోయి ఎండలో కూర్చున్నారు. నవంబరు 7న ఆర్డరు వచ్చింది, 2014 జులై 1 నుంచి లెక్కగట్టారు. ఎరియర్సు పడ్డాయి. నేనూ తీసుకున్నాను, దాంతోనే ఇంటికి పైకప్పు మార్చాను, కాబట్టి పింఛనుదార్ల మీద నాకేం కోపం లేదు. తర్వాత ఆన్‌లైన్ పింఛను వ్యవస్థ స్పర్శ్ వచ్చింది. బ్యాంకు చూసే పింఛను లెక్క ప్రయాగ్‌రాజ్‌లోని రక్షణ పింఛను ఆఫీసుకు మారింది, లాగిన్లు, ఓటీపీలు, నవంబరులో లైఫ్ సర్టిఫికెట్టు, అందరికీ టెన్షనే. ఇరవై ఏళ్లుగా సంఘం పనంతా పీపీఓ చుట్టూ తిరిగేసరికి, పీపీఓ లేనివాడు మన కళ్లకు ఆనడం మానేశాడు. చందా కట్టేదీ, హాలుకు సిమెంటు ఇచ్చిందీ పింఛనుదార్లే అనేది కూడా నిజమే. దానికి బోర్డు మీద దాతల పేర్లు చెక్కించాం, చాలు. ఓటును దానికి ముడిపెట్టొద్దు.

ప్రభుత్వమే వాళ్లను మరిచిపోలేదు చూడండి. కేంద్రీయ సైనిక్ బోర్డు పెన్యూరీ గ్రాంటు ఎవరికి? అరవై అయిదేళ్లు దాటి, పింఛను లేక, వేరే ఆదాయం లేక ఉన్న మాజీ సైనికులకు, వాళ్ల వితంతువులకు. నెలకు 4,000 ఉన్నదాన్ని 2025 నవంబరు నుంచి 8,000 చేశారు. ఇద్దరు పిల్లల చదువుకు ఇచ్చేది తలా 1,000 నుంచి 2,000 అయింది, ఆడపిల్ల పెళ్లికి ఇచ్చేది 50,000 నుంచి లక్ష అయింది. మన ఆరు మండలాల్లో దీనికి అర్హులు ఎవరెవరో ఎవరి దగ్గర జాబితా ఉంది? ఉండాల్సింది మన దగ్గర. బైలా మార్చి వాళ్లను బయటికి పంపాక జాబితా ఎవరు రాస్తారు? అర్జీ ఆన్‌లైన్‌లో పెట్టాలి, డిశ్చార్జి పుస్తకం స్కాన్ చేయాలి. డెబ్బై అయిదేళ్ల మనిషి అర్ధవీడు నుంచి వచ్చి ఏ తలుపు తట్టాలి?

ఇక అగ్నివీరులు. మీకు అసలు భయం వాళ్ల గురించేనని నాకు తెలుసు. 2022 జూన్‌లో పథకం ప్రకటించారు, ఆర్మీ మొదటి బ్యాచ్ 2023 మొదట్లో ట్రైనింగుకు పోయింది. నాలుగేళ్లు కాగానే నూటికి పాతిక మందిని ఉంచుకుంటారు, మిగతావాళ్లు సేవానిధి కింద సుమారు 11.71 లక్షలు తీసుకుని ఇంటికి రావాలి. పింఛను లేదు, గ్రాట్యుటీ లేదు, ఈసీహెచ్‌ఎస్ లేదు, క్యాంటీన్ లేదు, మాజీ సైనికుడనే హోదా కూడా లేదు. పథకం మంచిదా చెడ్డదా అనేది మన జనరల్ బాడీ తేల్చే విషయం కాదు, దాని మీద వాట్సాప్‌లో మీరు పడే కొట్లాటలు చాలు. మన ముందున్న ప్రశ్న చిన్నది. మన ఊరి పిల్లాడు పాతికేళ్లయినా రాకుండానే ట్రంకు పెట్టెతో కంభం స్టేషనులో దిగుతాడు. మనం వాణ్ణి రమ్మంటామా, వద్దంటామా?

'నాలుగేళ్లు చేసినవాడు మాజీ సైనికుడా' అని మొన్న టీ దగ్గర ఒక సాబ్ గారు అన్నారు. మొదటి రిజిస్టరు మొదటి పేజీలో సర్వీసు గడి చూడమనండి. నాలుగు, అయిదు, నాలుగున్నర. ఆ మనుషులు పెట్టిన సంఘం హాలులో కూర్చునే ఆయన ఆ మాటన్నారు.

ప్రభుత్వం హోదా ఇవ్వనప్పుడు మనం ఎలా చేర్చుకుంటాం, రిజిస్ట్రేషను పోతుందేమో అని ఇంకో అనుమానం. మనది 2001 సొసైటీల చట్టం కింద నడిచే సంఘం. సభ్యుడు ఎవరనేది మన బైలాలో మనం రాసుకునే మాట. క్యాంటీన్ కార్డు, ఈసీహెచ్‌ఎస్ కార్డు సంఘం ఇచ్చేవి కావు, సభ్యత్వం ఇచ్చినంత మాత్రాన వాళ్లకు రావు, మనవి పోవు. వాళ్లు గుంపుగా వచ్చి ఎన్నికల్లో గెలిచేస్తారని భయమైతే, చేరిన ఏడాదికి ఓటు అని పెట్టండి, అధ్యక్ష పదవికి పదేళ్ల సభ్యత్వం ఉండాలని పెట్టండి. నేను ఒప్పుకుంటాను. తలుపు మూయడం ఒక్కటే ఒప్పుకోను.

పోయిన నవంబరులో లైఫ్ సర్టిఫికెట్ల రోజు గుర్తుందా? కట్టెలు కొట్టి, కలుపు తీసి వేళ్లు అరిగిపోయిన అమ్మలకు మిషను మీద వేలిముద్ర పడలేదు. సర్వరు ఒకటి సతాయింపు. సెలవు మీద వచ్చిన రాచర్ల కుర్రాడు, అగ్నివీరే, తన ఫోనులో ఫేస్ అథెంటికేషన్ యాప్ వేసి ఒక్కొక్కరినీ కిటికీ దగ్గర వెలుతురులో కూర్చోబెట్టి, "కళ్లు ఆర్పు అవ్వా, ఇంకోసారి ఆర్పు" అంటూ సాయంత్రం దాకా చేశాడు. ఆ రోజు మనలో సగం మందికి స్పర్శ్ పాస్‌వర్డు కూడా ఆ పిల్లాడే మార్చిపెట్టాడు. వాడి పేరు ఎదురుగానే మీరు 'వర్తించదు' అని రాశారు.

నేను అడిగేది ఇది. నాలుగో అంశాన్ని ఇప్పుడున్న రూపంలో వెనక్కి తీసుకోండి. దాని బదులు, త్రివిధ దళాల్లో ఎంతకాలమైనా పనిచేసి, సక్రమంగా డిశ్చార్జి అయిన ప్రతివారూ, పనిచేసి పోయినవారి భార్యా ఓటున్న సభ్యులు అని రాయండి. కార్యవర్గంలో రెండు కుర్చీలు అమ్మలకు ఉంచండి, ఒకటి బుధవారం బల్ల బాధ్యతతో. పింఛను లేనివాళ్లకు చందా ఎత్తేయండి, దాని లోటు పూడ్చడానికి నాలాంటి పింఛనుదార్ల చందా పెంచండి, మొదటి రసీదు నా పేరున కొట్టండి. సావనీరుకు రిజిస్టర్ల నుంచి విషయం ఎత్తి రాసే పని నాకిస్తే చేస్తాను, పైసా వద్దు.

ఇంకో చిన్న సంగతి. మీటింగు సాయంత్రం అయిదింటికి పెట్టారు. అది ముగిసేసరికి అర్ధవీడు, రాచర్ల వైపు పల్లెల నుంచి వచ్చే అమ్మలకు తిరుగు బస్సు దొరకదు, కాబట్టి వాళ్లు రారు, వాళ్ల ఓటు గురించిన అంశం వాళ్లు లేకుండానే తేలిపోతుంది. పాత బైలా ప్రకారం ఈ మీటింగులో వాళ్లకింకా ఓటుంది. పొద్దున పదింటికి మార్చి, ఆ కబురు వాట్సాప్‌లోనే కాకుండా ఫోను లేని ఇళ్లకు మనిషిని పంపి చెప్పించండి.

జైహింద్.

మీ
మాజీ కార్యదర్శి, హవల్దార్ (రిటైర్డ్)
గిద్దలూరు